ప్యాకేజీలు దిగేదాకా

పెళ్లిచూపుల్లో మహేందర్ నన్ను అడిగిన మొదటి మాట, "మీ ల్యాప్‌టాప్‌ల ఏముంది, విండోసా, లైనక్సా?" అని.

వంట వచ్చా అని అడుగుతారనుకుని పచ్చిపులుసు దాకా తలలో సిద్ధం చేసుకుని కూర్చున్నదాన్ని. విండోసే అని చెప్పి, ఏదో తప్పు చేసినట్టు తల వంచుకున్నాను. అతను ఏమాత్రం నొచ్చుకోలేదు. దానిదేముంది, తర్వాత మార్చుకోవచ్చు అన్నాడు. తలుపు చాటు నుంచి వింటున్న మా చెల్లె సుష్మిత, ఈయన పిల్లను చూడనొచ్చిండా మిషన్‌ను చూడనొచ్చిండా అని అమ్మ చెవిలో ఊదింది. నాకు మాత్రం అప్పటికే నచ్చేశాడు. వచ్చేటప్పుడు తన చెప్పులతోపాటు వాళ్ల నాన్న చెప్పులు కూడా గోడ వారకు జతగా సర్ది పెట్టడం కిటికీలోంచి చూశాను మరి.

వైశాఖంలో పెళ్లయింది. ఎల్లారెడ్డిలో మా మేడ మీది గదికి పడమటి కిటికీ ఉంది. సాయంత్రాలు అతను హైదరాబాద్ కంపెనీ సర్వర్ల పని చూసుకుంటుంటే, నేను పక్కన కూర్చుని ఉడికిన పల్లికాయ ఒలిచి అతని నోట్లో ఒక గింజ, నా నోట్లో రెండు వేసేదాన్ని. ప్రపంచంలో ఇంతకంటే పెద్ద సుఖం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఉన్నా నాకు అక్కర్లేదు.

అంతలో ఆషాఢం వచ్చింది.

ఆషాఢంలో కొత్త కోడలు తల్లిగారింట్లో ఉండాలి. అత్తా కోడలు ఒకే గడప దాటకూడదు. కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. మా అత్తమ్మ సుగుణమ్మ ఈ విషయంలో చాలా పట్టుదల మనిషి. నన్ను కామారెడ్డి బస్సెక్కిస్తూ, నెల నిండక ముందే మీరిద్దరు కలిసిన్రని నాకు తెలిసిందనుకో, శ్రావణం కూడ అక్కడ్నే ఉంచుత, అని నవ్వుతూనే చెప్పింది. మా అత్తమ్మ నవ్వుతూ చెప్పిన మాటలే చేసి చూపిస్తుందని ఆ ఇంట్లో కుక్కకు కూడా తెలుసు.

ఎల్లారెడ్డికీ కామారెడ్డికీ మధ్య ఉన్నది లింగంపేట, కొంత అడవి, గుంతల రోడ్డు. అంతే. కానీ ఫోన్లో మాట్లాడితే తృప్తి ఉండేది కాదు. వీడియో కాల్ చేస్తే అతను ఫోన్ ఎటు పట్టుకుంటాడో ఏమో, నాకు ఎప్పుడూ సగం నుదురు, ఫ్యానూ కనిపించేవి. వారం రోజుల్లో ఆ ఫ్యాను మీద కూడా నాకు ప్రేమ పుట్టింది.

సరిగ్గా అప్పుడు నా ల్యాప్‌టాప్ మూలపడింది. నిజంగానే పడింది, నేనేమీ చేయలేదు. కాలేజీ నాటి మిషన్. ఆన్ చేస్తే ఒక చక్రం తిరిగేది, అన్నం ఉడికి దించేదాకా తిరుగుతూనే ఉండేది. మామూలుగా అయితే ఇంట్లో ఎవరికీ పట్టేది కాదు. కానీ మా పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో ఉంది. టీవీకి పెడితే రాదు. ఫోన్‌కు పెడితే రాదు. మిషన్ బాగైతే తప్ప ఆ వీడియో చూడలేం. అమ్మకు తన కొత్త పట్టుచీర ఎట్లా పడిందో చూసుకోవాలి. మా నాయనమ్మ నాగవ్వకు, మేమంతా అవ్వ అంటాం, భోజనాల దగ్గర ఎవరెవరు అలిగి లేచిపోయారో మళ్లీ ఒకసారి చూడాలి.

మహేందర్ ఫోన్లో అంతా విని, మిషన్‌కు ఏం కాలేదు, లైనక్స్ వేస్తే గుర్రంలా పరిగెత్తుతుంది, తనే వచ్చి వేస్తానన్నాడు. నాగిరెడ్డిపేట దగ్గరి పొలంలో వాళ్ల బోరు స్టార్టర్ కాలిపోయిందట. దాన్ని బాగు చేయించే నెపం మీద ఆదివారం ఎట్లాగూ కామారెడ్డి రావాలట.

అవ్వ చాలాసేపు ఆలోచించింది. పెళ్లి వీడియో ఒకవైపు, ఆషాఢం ఒకవైపు. చివరికి తీర్పు చెప్పింది.

"వస్తె రానీ. గడప తొక్కద్దు. మిషన్ పని అయ్యేదాక ఉండొచ్చు. అయినంక ఒక్క గడియ ఉండద్దు."

ఆ మాట విన్నప్పటి నుంచి నా తలలో ఒక్కటే తిరిగింది. పని ఎంతసేపు సాగితే అతను అంతసేపు ఉంటాడు.

ఆదివారం పొద్దున అమ్మ నా రెండు చేతులకూ మణికట్టు దాకా మైదాకు పెట్టింది. ఆషాఢంలో పెట్టుకోవాలంది. అల్లుడు వచ్చే పూటే ఎందుకు గుర్తొచ్చిందో అమ్మనే అడగాలి. దాంతో నేను దేన్నీ ముట్టుకునే వీలు లేకుండా, రెండు చేతులూ గాలిలో పట్టుకుని, దొంగతనం చేస్తూ దొరికినదానిలా గడప లోపల నిలబడ్డాను.

బండి ఆగింది. వెనక సీటుకు స్టార్టర్ డబ్బా తాడుతో కట్టి ఉంది. అప్పటికే బాగు చేయించుకొచ్చేశాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. స్టార్టర్ బాగు చేయించడానికి తెల్ల చొక్కా వేసుకొచ్చే మగవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు.

ముందర రేకుల కింద అతనికి కుర్చీ వేశారు. గడప మీద ల్యాప్‌టాప్ పెట్టబోతే, పసుపు రాసిన గడప మీద ఇనుప సామాను పెడతారా అని అవ్వ అడ్డుకుంది. అందుకని ఒక స్టూలు తెచ్చి, రెండు కాళ్లు లోపల, రెండు కాళ్లు బయట ఉండేట్టు వేశారు. అతను బయట, నేను లోపల, మధ్యన మిషన్. అవ్వ కర్ర పట్టుకుని తలుపు పక్కనే పీట మీద కూర్చుంది. చేయి గడప దాటితే దాటినట్టా కాదా అన్న ప్రశ్న వచ్చింది. మోచేతి దాకా అయితే ఫరవాలేదని అవ్వ ఒప్పుకుంది. అంతకుముందు మోచేతి గురించి నేనెప్పుడూ అంత కృతజ్ఞతగా ఆలోచించలేదు.

తను తెచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి అసలు సిస్టమ్ ఎక్కించడానికి కాసేపే పట్టింది. ఇంతేనా అండీ అని అడిగాను. అవ్వ ముందు అతన్ని మీరు అంటాను.

"ఇది పునాదే," అన్నాడు. "ఇంక ఇప్పుడు ఏమేం ప్యాకేజీలు కావాలో మనమే ఏరుకోవాలె."

లైనక్స్‌లో మనం అడగంది ఏదీ రాదట. పాట వినడానికి ఒక ప్యాకేజీ, బొమ్మ గీయడానికి ఒకటి, ఉత్తరం రాయడానికి ఒకటి. అట్లాంటివి వేలకు వేలు ఉంటాయి. ఇంటర్నెట్‌లోంచి కావలసినవి దించుకోవాలి. మహేందర్ మతం ఏమిటంటే, ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. ఎల్లారెడ్డిలో అతని సొంత మిషన్ తెర మీద గడియారం కూడా ఉండదు. టైమెంత అని అడిగితే కిటికీలోంచి ఎండ చూసి చెబుతాడు.

అందుకే అతను మొదట, తెర అలంకారానికి తేలికైన డెస్క్‌టాప్ చాలు కదా, మిషన్ పాతది అన్నాడు.

"బరువుది ఉందా?" అన్నాను.

ఉంది, కానీ చాలా పెద్దది, దిగడానికి టైం పడుతుందన్నాడు.

"అదే పెట్టండి."

నా మొహంలోకి చూశాడు. నేను మైదాకు చేతుల్లోకి చూసుకున్నాను. మీసాల కింద ఏదో కదిలింది. పెద్దదే పెట్టాడు.

ఆ తర్వాత నేను ప్రతిదానికీ ఒకే ప్రశ్న వేశాను. సైజెంత? అవ్వకు నేను గీసిగీసి బేరం చేస్తున్నట్టు కనిపించిందేమో, సంసారం చక్కగ చేస్తది మా పిల్ల అని అమ్మతో అంది. ఆకాశంలో ఏ చుక్క ఎక్కడుందో చూపించే ప్యాకేజీ కావాలన్నాను, అది బాగా బరువుంది. రసాయన శాస్త్రం కావాలన్నాను, ఇంటర్‌లో ఆ సబ్జెక్టులో నాకు వచ్చిన మార్కులు మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు. పియానో కావాలన్నాను. ఇల్లు కట్టడానికి ప్లాను గీసే ప్యాకేజీ కావాలన్నాను. వీడియో చూసే ప్లేయర్ పెట్టనా అని అతను అడిగితే, అదెంత అన్నాను. చాలా చిన్నది, చిటికెలో దిగుతుందన్నాడు. తర్వాత చూద్దాం లెండి అన్నాను.

ఇందులో నాకు కలిసొచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ఏ ప్యాకేజీ కూడా ఒంటరిగా రాదు. చుక్కలు చూపించేదాన్ని పిలిస్తే, నాకు ఫలానాది లేనిదే నడవదని అంటుంది. ఆ ఫలానాదానికి ఇంకో రెండు కావాలి. మిషన్ ప్రతిసారీ, ఒకటి అడిగారు, వెంట నలభై వస్తున్నాయి, సరేనా అని అడిగేది. అవ్వకు దీన్ని విడమరిచి చెప్పబోయాను. అవసరం లేకపోయింది.

"మీ పెండ్లికి బీబీపేట చిన్నవ్వను పిలిస్తె ఏమైంది," అంది అవ్వ. "ఆమె ఆడిబిడ్డ, ఆ ఆడిబిడ్డ తోటికోడలు, వాళ్ల డ్రైవరు. ఒక్కతే వస్తదా మనిషి."

కొన్ని ప్యాకేజీలైతే ఒకటి ఉన్నచోట ఇంకొకటి ఉండనంటుందని మహేందర్ చెప్పాడు. అట్లాంటివి మన ఇంట్ల కూడ ఉన్నయ్ అని అవ్వ వంటింటి వైపు చూసింది. వంటింట్లో గిన్నె గట్టిగా చప్పుడైంది.

అల్లుడు ఎండలో కూర్చుని ఇంత చేస్తున్నాడు, తనకూ ఒకటి కావాలని చివరికి అవ్వకే ఆశ పుట్టింది. అతను వెతికి వెతికి ఒక ఆవును పట్టుకొచ్చాడు. మనం ఏ మాట రాస్తే ఆ మాట తెర మీద ఆవు బొమ్మ పలుకుతుంది, అంతే దాని పని. అందులో బర్రె లేదా అని అవ్వ అడిగింది. లేదన్నాడు. సరే, ఆవే కానియ్యి అంది. ఆ ఆవు రెండు సెకన్లలో దిగిపోయింది. దాని మీద నాకు చాలా కోపం వచ్చింది. ఒక పూట పాలివ్వని ఆవు.

విజ్ఞానశాస్త్రం విభాగం వచ్చినప్పుడు, ఇందులో ఒక్కోటి ఏరుకుందామా, మొత్తం పెట్టాలా అని అతను అడుగుతుండగానే నేను ముందుకు వంగి మోచేత్తో ఎంటర్ కొట్టాను. వేళ్లు ఖాళీగా లేవు కదా. మోచేయి 'మొత్తం' మీద పడింది. వందల పేర్లు తెర మీద జలజలా రాలాయి. భూకంపాలు లెక్కపెట్టేవి, తేనెటీగల గూళ్లు కొలిచేవి, ఏవేవో. అతను ఆపబోయి, ఆగి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"అయ్యో, ఇంక సాయంత్రం దాక పడతది," అన్నాడు. అయ్యో అని అన్నాడు గానీ, అయ్యో అనే మనిషి అంత హాయిగా కాలు మీద కాలు వేసుకోడు.

మధ్యాహ్నం అతనికి రేకుల కిందే విస్తరి వేశారు. నాకు అమ్మ కలిపి తినిపించింది. గడపకు అటొకరు, ఇటొకరు ఒకేసారి నమిలాం. తెర మీద అక్షరాలు పాకుతూనే ఉన్నాయి. అతను మధ్యమధ్యలో తెర చూసి తల పంకించేవాడు. ఎండిన మైదాకు పొడి కీబోర్డు మీద రాలితే, అవ్వ కునికే సమయం చూసి అతను ఊదేవాడు. ఆ ఊదడం నా వేళ్ల దాకా వచ్చేది. ఇంకేం కావాలి చెప్పండి.

అప్పుడు నిద్ర లేచి సుష్మిత వచ్చింది. అది ఇంజనీరింగ్ రెండో ఏడు. చదువు మీద కంటే ఇతరుల పనుల మీద దానికి శ్రద్ధ ఎక్కువ. నా భుజం మీంచి తెర చూసి, కళ్లు నులుముకుని మళ్లీ చూసింది.

"బావా, తయారుగున్న ప్యాకేజీలు దొరుకుతయి గద. ఒక్కొక్కదాని సోర్స్ తెచ్చి ఈ ముసలి మిషన్ మీద కంపైల్ చేస్తున్నవేంది?"

మహేందర్ ఆకాశం వైపు చూశాడు. నాకు అర్థం కాలేదు. అవ్వ కళ్లు తెరిచింది. ఏమంటున్నదే అని అడిగింది.

సుష్మిత తెలుగులోకి మార్చింది. "వండిన అన్నం పక్కనే దొరుకుతది అవ్వా. బావ వడ్లు తెచ్చి ఇక్కడ కూసొని దంచుతుండు. పొద్దటి సంది."

అంటే, నేను పెద్ద ప్యాకేజీలు ఏరి ఏరి సమయం సాగదీస్తున్నానని మురిసిపోతుంటే, అతను మొదటి నిమిషం నుంచే అంతకు పదింతలు సాగదీస్తున్నాడు. అరగంటలో అయ్యే పనిని ఉదయం నుంచి దంచుతున్నాడు. తక్కువ ఉంటే మంచిదని నమ్మే మనిషి, నా కోసం మిషన్ నిండా వడ్లు పోశాడు. నాకు ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది, రెండు చేతులూ మైదాకుతో ఉండడం వల్ల ఏదీ తుడుచుకోలేకపోయాను.

అవ్వ కర్ర అటు నుంచి ఇటు మార్చుకుంది. ఇక లేవమంటుందని అనుకున్నాం.

"దంచనియ్యి," అంది. "దంపుడు బియ్యం ఒంటికి మంచిది."

మళ్లీ కళ్లు మూసుకుంది. సుష్మిత మాత్రం ఊరికే పోలేదు. నోరు మూసుకోవడానికి దానికో కార్ల పందెం ఆట దించాల్సి వచ్చింది. అది కూడా పెద్దదే. సంతోషంగా ఒప్పుకున్నాం.

మేం లెక్కలోకి తీసుకోనిది నాగిరెడ్డిపేట పొలం.

అక్కడ నాట్లు నడుస్తున్నాయి. మడికి నీళ్లు కావాలి. నీళ్లకు బోరు కావాలి. బోరుకు కావలసిన స్టార్టర్ డబ్బా మా ఇంటి ముందర, బండి వెనక సీటు మీద తాడుతో కట్టి ఉంది. మధ్యాహ్నం నుంచి అత్తమ్మ ఫోన్ చేస్తూనే ఉంది. మొదటిసారి మహేందర్ ఇంకా రిపేరు అవుతున్నదన్నాడు. రెండోసారి అదే చెప్పాడు. మూడోసారి ఫోనే రాలేదు. అమ్మయ్య అనుకున్నాం. ఫోన్ రాకపోవడం ఎంత ప్రమాదమో అప్పటికి తెలియలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ మూడో ఫోన్ ఆమె రిపేరు దుకాణానికే చేసింది. పది గంటలకే తీసుకుపోయిన్రు కద అని వాళ్లు చెప్పారు.

సాయంత్రం మబ్బు కమ్మింది. ఉరుము ఉరిమింది. మా ఇంటి ముందు ఆటో ఆగింది. అందులోంచి, నాట్ల కోసం ఎత్తి దోపుకున్న చీర కుచ్చెళ్లు ఇంకా దించని మా అత్తమ్మ దిగింది. కాళ్లకు బురద ఆరిపోయి ఉంది. బండిని చూసింది. స్టార్టర్ డబ్బాను చూసింది. కొడుకు తెల్ల చొక్కాను అన్నిటికంటే ఎక్కువసేపు చూసింది.

మహేందర్ లేచి నిలబడ్డాడు. శ్రావణమాసం మొత్తం కామారెడ్డిలోనే అని నాకు అర్థమైపోయింది. ఇంకో నెల. ఇంకో నెల సగం నుదురు, ఫ్యాను.

ఆమె ఏదో అనబోయింది. ఆ మాటకు ముందే వాన అందుకుంది. మామూలు వాన కాదు, రేకుల మీద కంకర పోసినట్టు పడింది. ఆమె రేకుల కిందికి వచ్చింది గానీ జల్లు అన్ని వైపుల నుంచీ కొడుతోంది. అమ్మ పరిగెత్తుకొచ్చి, లోపటికి రాండ్రి వదినా అనేసి, నాలుక కరుచుకుంది. లోపల నేనున్నాను. అత్తా కోడలు ఒకే గడప.

"నేను రాను," అంది అత్తమ్మ, మొహం మీద నీళ్లు కారుతుండగా. "ఆచారం నేనే చెప్పి, నేనే తప్పుతనా."

అందరం అవ్వ వైపు చూశాం. ల్యాప్‌టాప్ మీద తన కొంగు కప్పి కూర్చుని ఉంది అవ్వ. మిషన్ తడిస్తే పని ఆగుతుందని ఆమెకు తట్టింది, మనిషి తడుస్తున్నాడని మా అమ్మకు గానీ, కన్నతల్లి అయిన అత్తమ్మకు గానీ ఇంకా తట్టలేదు. అవ్వ కర్రతో ఇంటి పక్కనున్న మల్గి వైపు చూపించింది. రోడ్డు మీదికి మాకు ఒక దుకాణం గది ఉంది. కిరాయికి ఉన్న ఉల్లిగడ్డల వ్యాపారి పోయిన నెల ఖాళీ చేశాడు.

"షటరుకు గడపేది?" అంది.

నిజమే. షటరు కింద నున్నటి సిమెంటు, అంతే. శాస్త్రంలో ఎవరూ షటరును తలచుకోలేదు. బాపు, అంటే మా నాన్న, ఊళ్లో లేడు కాబట్టి మహేందరే షటరు ఎత్తాడు. అత్తమ్మ బయటి నుంచి నేరుగా మల్గిలోకి నడిచింది. నేను మా గడప దాటి, గొడుగు కింద చుట్టూ తిరిగి అదే మల్గిలోకి నడిచాను. స్టూలు, మిషన్, అవ్వ పీట, అందరం ఉల్లిగడ్డల వాసనలో గుండ్రంగా చేరాం. పొద్దటి నుంచి గడపకు అటూ ఇటూ ఉన్న మేమిద్దరం ఒకే గదిలో ఒకే సిమెంటు మీద నిలబడ్డాం. అత్తమ్మ కళ్లెదురుగా ఉండడం వల్ల దాన్ని పూర్తిగా అనుభవించలేకపోయాను.

ఆమె చీర చెంగుతో మొహం తుడుచుకుంది. బయట వానను చూసింది. ఇంత వాన పడ్డాక స్టార్టర్‌తో తొందరేం లేదని, మడి దానంతటదే నిండుతుందని ఆమె మొహంలో కనిపించింది. దాంతో కోపం మొత్తం ఇటు మళ్లింది.

"ఏం పని ఇది, పొద్దటి సంది?"

మహేందర్ చెప్పాడు. పెళ్లి వీడియో చూడటానికి మిషన్ తయారు చేస్తున్నాం అన్నాడు. పెళ్లి వీడియో అనగానే ఆమె గొంతు ఒక మెట్టు దిగింది. ఇంకా ఎంతసేపు అని అడిగింది. అయిపోయినట్టే అన్నాడు.

"అయితె పెట్టు, చూస్త," అంది, అమ్మ ఇచ్చిన తువ్వాలు తలకు చుట్టుకుంటూ.

మహేందర్ పెళ్లి పెన్‌డ్రైవ్ పెట్టాడు. వీడియో మీద నొక్కాడు. తెర మీద ఒక చిన్న పెట్టె తెరుచుకుని, దీన్ని చూపించే సాఫ్ట్‌వేర్ ఈ మిషన్‌లో లేదని చెప్పింది.

అతను నా వైపు చూశాడు. నాకు గుర్తొచ్చింది. చిన్నది కదా, తర్వాత చూద్దాం అన్న ఒక్క ప్యాకేజీ.

ఇప్పుడే దించుతానని అతను గబగబా కొట్టాడు. ఈసారి తయారుగా ఉన్నదే దించబోయాడు, తల్లి పక్కన నిలబడి ఉంటే ఎవరికైనా వడ్లు దంచబుద్ధి కాదు. మిషన్ ఒక్క వాక్యం చెప్పింది. డిస్కులో స్థలం లేదు.

భూకంపాలు ఉన్నాయి. తేనెటీగలు ఉన్నాయి. పియానో, ఆకాశం, ఇల్లు ప్లాను, కార్ల పందెం, మాట్లాడే ఆవు, వాటి ఆడబిడ్డలు, తోటికోడళ్లు, డ్రైవర్లు అందరూ వచ్చి బంతిలో కూర్చున్నారు. పెళ్లికొడుక్కి కుర్చీ లేదు.

ఏదైనా ఒకటి తీసేస్తే చోటు వస్తుందని మహేందర్ గొణిగాడు. ఆవును ముట్టద్దని అవ్వ ముందే చెప్పేసింది. ఆట తీస్తే తను చెప్పాల్సినవి చాలా ఉన్నాయని సుష్మిత అత్తమ్మ వైపు చూస్తూ అంది. ఆకాశం నాకు కావాలని నేనన్నాను. నిజంగానే అన్నాను, పొద్దున బరువు చూసే అడిగాను గానీ, అప్పటికి దాని మీద ప్రేమ పుట్టింది. ఎల్లారెడ్డి మేడ మీద నుంచి చూడాలని ఉంది. రసాయన శాస్త్రం తీసెయ్యండి అని అమ్మ వెంటనే అంది, ఆ మార్కులు ఆమె మరిచిపోలేదు.

అత్తమ్మ ఒక్కొక్కరినీ వింది. తెర మీది పేర్ల వరుసను చూసింది. కొడుకును చూసింది, నన్ను చూసింది. ఆకాశమూ తేనెటీగలూ వీడియోకు ఎందుకు అని అడగలేదు. అడగకపోవడం చూసి నాకు ఇంకా భయం వేసింది. ఒక ఉల్లిగడ్డ బస్తా మడిచి వేసుకుని కూర్చుంది.

"నా పెండ్లయిన ఆషాఢంల," అంది అవ్వతో, మా వైపు చూడకుండా, "వీళ్ల నాయిన మా ఊరికి గడ్డపార అడుగనొచ్చిండు పెద్దమ్మా. ఎల్లారెడ్డి నుంచి. నడుసుకుంట. వీళ్ల కొట్టంల నాలుగు గడ్డపారలుండె."

"ఇచ్చి పంపిన్రా?" అంది అవ్వ.

"మా బాపు వెతికిండు. గోడకే ఆనిచ్చి ఉండె అది. పొద్దు గూకేదాక దొరకలే."

ఇద్దరూ నవ్వలేదు. అవ్వ తల ఊపింది, అత్తమ్మ కాలి బురద గోటితో గీరుకుంది. మామయ్య నర్సింహులు నాకు ఎప్పుడూ గంభీరంగా పేపరు చదువుతూ కనిపించే మనిషి. అక్కర్లేని గడ్డపార కోసం ఎండలో నడిచొచ్చిన పెళ్లికొడుకుగా ఆయన్ని ఊహించుకుంటే నాకు నవ్వు ఆగలేదు. దగ్గినట్టు చేశాను.

వాన కొంచెం తగ్గింది. అత్తమ్మ లేచింది. ఎల్లారెడ్డికి బస్సు ఉంటుందని, తను బస్సులో పోతుందని, కొడుకు బండి మీద స్టార్టర్ తెస్తాడని చెప్పింది. నేను శ్రావణం మాట కోసం ఎదురుచూశాను. ఆమె షటరు దగ్గర ఆగింది.

"ఏది ఉంచాలె, ఏది తియ్యాలె అన్నది ఒక్క పూటల తేలే ముచ్చట కాదు," అంది మహేందర్‌తో. "కిరికిరి పడకుండ నిమ్మలంగ చూడు. వచ్చే ఐతారం వచ్చి ఒక్కటి తియ్యి. మల్ల ఐతారం ఇంకొకటి. ఇక్కడ్నే, ఈ షటరుల కూసొని. గడప మాత్రం తొక్కకు."

నా చెవులు నేనే నమ్మలేదు. ఆషాఢం వెళ్లేదాకా వచ్చే ప్రతి ఆదివారం, నెత్తి మీద అక్షింతలు వేసినట్టు, మా అత్తమ్మ నోటితోనే రాలింది.

నా భర్త చాలా మంచివాడు. తెలివైనవాడు కూడా. కానీ లైనక్స్ గురించి ఎవరైనా తప్పు మాట్లాడితే అతనికి ఒళ్లు తెలియదు.

"అన్ని రోజులెందుకమ్మా," అన్నాడు కీబోర్డు మీద వేళ్లు పెట్టి. "ఒక్క కమాండ్ కొడితె అన్నీ ఒక్క నిమిషంల..."

నేను ల్యాప్‌టాప్ మూత వేసేశాను. అతని వేళ్లు ఇంకా లోపలే ఉన్నాయి.